కట్ట మార్చడం సరే, బండి కింద ఎవరు పడుకుంటారు?

శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర ఒక ఊరి నుంచి ఒకాయన రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. వయసు 44. వాళ్ల నాన్నగారు 2012లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2009 మోడల్ టాటా 407 చిన్న లారీ ఉంది, ఇల్లంతా దాని మీదే నడుస్తోంది. ముందు కొబ్బరికాయల లోడ్లు వేసేవారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లు నేలకూలాక ఆ లోడ్లు తగ్గిపోయాయి, అప్పట్నుంచి బట్టీ నుంచి ఇటుక తోలుతున్నారు, ట్రిప్పుకి 1500 ఇటుక. ఏడాదిగా బండి వెనక ఎడమ పక్క కుంగుతోందట, ఈమధ్య గోతిలో దిగితే టైరు బాడీకి రాసుకుంటోందట. కింద దూరి టార్చి వేసి చూస్తే కమాన్ కట్టలో, అంటే ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల దొంతరలో, మూడో పట్టీ విరిగి పక్కకి జరిగి ఉంది. షాపులో అడిగితే రెండు పక్కలా కొత్త కట్టలు, వాటి కొసల్లో పడే బుష్‌లు, పిన్నులు, మజూరీ అన్నీ కలిపి 26 వేలు అన్నారు.

డబ్బుల దగ్గరే చిక్కు. నాన్నగారికి కిడ్నీలు పాడై వారానికి రెండు సార్లు పలాసలో డయాలసిస్ చేయిస్తున్నారు. కొడుక్కి 20 ఏళ్లు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి అప్రెంటిస్ కోసం చూస్తున్నాడు, "సామాన్లు కొని తెండి నాన్నా, మన వాకిట్లోనే మార్చేస్తా" అంటున్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి పెద్దాయన మంచం మీద కూర్చోవట్లేదు, ఈ చెట్టు కిందే ఎన్ని కట్టలు దించలేదు, నేను పక్కనుండి చేయిస్తా, సుత్తి నేను కొడతా అంటున్నారు. భార్య మాత్రం ససేమిరా ఒప్పుకోవట్లేదు, ఎందుకంటే వాళ్ల అన్నయ్య పదేళ్ల కిందట ట్రాక్టరు కింద ఉండగా జాకీ జారి కాలు పోగొట్టుకున్నాడు. బండి తోలేది ఆవిడ తమ్ముడు. అతను ఏమంటాడంటే ఎలాగూ కట్ట దించుతున్నాం కదా, పక్కకి రెండు పట్టీలు ఎక్కువేద్దాం బావా, మళ్లీ కుంగదు, ఇంకో 200 ఇటుక వేసుకోవచ్చు అని. చివర్లో ఇలా రాశారు: "అన్నా, నలుగురూ నాలుగు వైపులా లాగుతున్నారు. నాకు రాత్రి నిద్ర పట్టట్లేదు. ఇంట్లో మార్చుకోవచ్చా లేదా, ఒక్క మాట చెప్పండి."

తమ్ముడూ, ఒక్క మాటలో చెప్పగలిగితే చెప్పేసేవాడిని. మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. మీ ఇంట్లో నలుగురూ ఒకే విషయం మీద గొడవ పడుతున్నారని మీకు అనిపిస్తోంది గాని నిజానికి ఎవరి విషయం వాళ్లదే. మీ అబ్బాయి పని గురించి మాట్లాడుతున్నాడు, మీ ఆవిడ జాకీ గురించి మాట్లాడుతోంది, బావమరిది ఇటుక గురించి మాట్లాడుతున్నాడు, మీ నాన్నగారు తన చేతుల్లో ఇంకా పని ఉందా లేదా అన్నదాని గురించి మాట్లాడుతున్నారు. వీటిని విడివిడిగా చూద్దాం.

దానికంటే ముందు ఒకటి. ఈ ఉత్తరం మీరు చదివేటప్పటికి బండి లోడుతో తిరుగుతుంటే దయచేసి ఆపెయ్యండి. మూడో పట్టీ విరిగితే ఆ బరువు అన్నిటికంటే పైనుండే మెయిన్ పట్టీ, దాని కింది రెండో పట్టీ మోస్తున్నాయని అర్థం. మెయిన్ పట్టీ బరువు మొయ్యడంతో పాటు యాక్సిల్‌ని, అంటే చక్రాల ఇరుసుని, దాని చోట పట్టుకుని ఉంచేది కూడా. ముందు కొసన చుట్టలా వంచిన కన్ను దగ్గర అది తెగిందంటే ఆ పక్క యాక్సిల్ వెనక్కి జరిగిపోతుంది, స్టీరింగ్ ఎంత పట్టుకున్నా బండి ఒక పక్కకి లాగేస్తుంది. కొన్ని కట్టల్లో రెండో పట్టీ కొస మెయిన్ పట్టీ కన్నుని చుట్టుకుని ఉంటుంది, ఇలాంటప్పుడు పట్టుకోవాలనే అలా చేస్తారు, కాని దాని మీద కూడా ఇప్పటికే ఎక్కువ బరువు పడుతోంది కాబట్టి దాన్ని నమ్ముకుని ఇంకో వారం తిప్పుదాం అనుకోకండి.

వెల్డింగ్ గురించి మీరు రాయలేదు గాని ఎవరో ఒకరు చెప్తారు, అందుకే నేనే ముందు చెప్తున్నా. నాకు 15 ఏళ్లప్పుడు గజపతినగరంలో మా చిన్నాన్నకి లారీ ఉండేది, మెయిన్ పట్టీ చీలితే ఒక షాపులో అతుకు పెట్టించాడు. పైకి చూస్తే అతుకు మా బాగా కుదిరింది. మూడు వారాలకి సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే టప్పుమని తుపాకీ పేలినట్టు శబ్దం, నేను క్యాబిన్‌లోనే ఉన్నాను. దిగి చూస్తే అతుకు అలాగే ఉంది, దాని పక్కన ఒక అంగుళం దూరంలో పట్టీ తెగింది. కమాన్ ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో కాచితే గాని ఆ వంగి మళ్లీ లేచే గుణం రాదు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గుణం పోతుంది, పక్కన పెళుసెక్కుతుంది. గ్యాస్ మంట పెట్టి పాత పట్టీకి వంపు తెప్పించడం కూడా అలాంటిదే. ఆ రోజు బండి ఎక్కుతోంది కాబట్టి ఆగింది, అదే దిగుతూ ఉంటే ఈ సమాధానం రాసేవాడిని కాదేమో.

సరే, కట్ట మార్చాలి, అందులో రెండో మాట లేదు. రెండు పక్కలా మార్చాలి, అది కూడా షాపువాడు డబ్బుల కోసం చెప్పింది కాదు, కుడి పక్క కట్ట కూడా అన్నే కిలోమీటర్లు అదే లోడు మోసింది, ఒక్క ఎడమ పక్కే కొత్తది వేస్తే ఇప్పుడు ఎడమకి వాలే బండి రేపు కుడికి వాలుతుంది.

ఇక బావమరిది మాట. అతన్ని కోప్పడకండి, ఇటుక ఎక్కువ వేస్తేనే ఇంటికి డబ్బులొస్తున్నాయని అతనికి తెలుసు కాబట్టి అంటున్నాడు. ముందు ఆర్సీ తీసి చూడండి, అందులో లోడుతో ఉండాల్సిన బరువు ఒకటి, ఖాళీ బండి బరువు ఒకటి, ఆర్‌ఎల్‌డబ్ల్యూ, యూఎల్‌డబ్ల్యూ అని ఉంటాయి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిందే మీ బండి మోయాల్సింది. మీరు ఉత్తరంలో రాసిన అంకెల ప్రకారం అది సుమారు రెండున్నర టన్నులు. ఇప్పుడు మీ బట్టీ ఇటుక ఒకటి తూకం వెయ్యండి. మూడు కేజీలు అనుకుంటే 1500 ఇటుక నాలుగున్నర టన్నులు. రెండు టన్నులు ఎక్కువ. అదే కొబ్బరికాయలైతే బండి నిండా పోసినా ఇంత బరువు రాదు, కాయ బాడీ నింపుతుంది, ఇటుక బాడీలో సగం కూడా ఎత్తు రాకుండానే కట్టని కిందికి తొక్కేస్తుంది. పైనుంచి చూసేవాడికి ఇటుక బండి ఖాళీగా ఉన్నట్టుంటుంది, ఇంకో రెండు వరసలు పడతాయిలే అనిపిస్తుంది. మీ బండి కుంగడం ఏడాది కిందట మొదలైందని మీరు రాశారు గాని నాకు మాత్రం అది తిత్లీ తర్వాత మొదటి ఇటుక లోడు వేసిన రోజే మొదలైందనిపిస్తోంది.

రెండు పట్టీలు ఎక్కువేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే అతను మీతో వాదిస్తాడు. పది పట్టీల కట్టకి అదే మందం పట్టీలు ఇంకో రెండు వేస్తే సుమారు ఐదో వంతు గట్టిపడుతుంది, అంతే. గట్టిపడింది కట్ట ఒక్కటే. బ్రేకు అదే, టైరు అదే, హబ్ బేరింగ్ అదే, యాక్సిల్ అదే, బండి అడుగు ఫ్రేము చాసిస్‌కి కట్టని పట్టుకున్న బ్రాకెట్టు, దాని రివెట్లు అవే. ఇన్నాళ్లూ కట్ట కుంగి మీకు చెప్తోంది బరువెక్కువైందని, దాని నోరు నొక్కేస్తే తర్వాత చెప్పేది చాసిస్, అది బ్రాకెట్టు దగ్గర చీలితే 26 వేలతో పోదు. పైగా ఖాళీ బండి వస్తుంటే వెనక్కాల చక్రాలు గోతుల్లో ఎగిరెగిరి పడతాయి, అలా ఎగిరినప్పుడు బ్రేకు కొడితే టైరుకి రోడ్డు దొరకదు. పాత లారీ తుక్కులో దొరికిన మందం పట్టీ తెచ్చి మధ్యలో దూర్చడం ఇంకా చెడ్డది. మందం రెట్టింపైతే పట్టీ గట్టితనం ఎనిమిది రెట్లవుతుంది, మిగతా పట్టీలతో కలిసి వంగాల్సి వచ్చేసరికి ముందు అదే విరుగుతుంది. ఇక రోడ్డు మీద ఆపి తూకం వేస్తే లెక్క తెలుసు కదా, 2019లో చట్టం మార్చాక ఓవర్‌లోడుకి 20 వేలు, ఆ పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2 వేలు. మీ రెండు టన్నులకి 24 వేలు, అంటే ఒక్కసారి దొరికితే దగ్గర దగ్గర రెండు కొత్త కట్టలు, మజూరీ పోయినట్టే. పట్టీలు ఎక్కువున్నాయి సార్ అంటే ఎవరూ ఒప్పుకోరు, వాళ్లు చూసేది ఆర్సీనే.

కాబట్టి లోడు సంగతి మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి, కట్ట కొనే ముందే. ఆర్సీ ప్రకారం వేస్తే ట్రిప్పుకి 830 ఇటుక. ట్రిప్పులు దాదాపు రెట్టింపవుతాయి, డీజిల్ పెరుగుతుంది, బట్టీ ఓనరుతో వెయ్యి ఇటుకకి రేటు మళ్లీ మాట్లాడుకోవాలి, అతను ఒప్పుకోకపోవచ్చు కూడా. ఇంకో దారి, బండిని ఇటుక నుంచి కొంచెం కొంచెం పక్కకి తప్పించడం. మీ వైపు కొబ్బరి పీచు లోడ్లు ఉంటాయి, చూడ్డానికి గుట్టలా ఉంటుంది గాని బరువుండదు, పాత బండికి అంత మంచి లోడు ఇంకోటి లేదు. జీడిపిక్కల బస్తాలైతే బస్తాకి తూకం తెలుస్తుంది, లెక్క పెట్టి వేసుకోవచ్చు. ఇవేవీ కుదరవు, 1500 వేసుకోక తప్పదు అని మీరు అనుకుంటే అది మీ ఇష్టం, కాని కొత్త కట్ట కూడా పాతదానంత కాలం రాదని తెలిసే కొనండి. బరువు రెట్టింపైతే పట్టీ ఆయుష్షు సగమవదు, సగం కంటే చాలా తగ్గిపోతుంది.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న, ఇంట్లో. మీ ఉత్తరంలో ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. "మా వాకిలి ఇసుక నేలేనన్నా, వాన పడ్డా బురదవదు" అని రాశారు. మీరు అది మంచి సంగతిగా రాశారు. కాని తమ్ముడూ, ఉద్దానం ఇసుక కొబ్బరి చెట్టుకి ఎంత మంచిదో జాకీకి అంత చెడ్డది. జాకీ కింద ఇసుక ఒక పక్క నుంచి మెల్లగా జారుతుంది, పైకి లేపుతున్నంతసేపూ నిలకడగానే ఉంటుంది, మీరు కింద దూరి పానాకి బలం పెట్టి లాగినప్పుడు బండి ఒక్క వెంట్రుకంత ఊగుతుంది చూడండి, అప్పుడు ఒరుగుతుంది. మీ ఆవిడ అన్నయ్యకి ఏ నేల మీద అలా జరిగిందో ఒకసారి అడగండి. కాబట్టి మీ వాకిట్లో, ఆ చెట్టు కింద, నేను వద్దనే చెప్తాను. అబ్బాయి పని వచ్చినా రాకపోయినా సరే. నేల కోసం వద్దంటున్నా.

అలాగని ఇంటి పని వద్దని కాదు. ఊళ్లో సిమెంటు చేసిన కళ్లం గాని, జీడి బట్టీ ముందు పిక్కలు ఎండబోసే గచ్చు గాని మట్టంగా ఉన్నది ఏదో ఒకటి దొరుకుతుంది. రెండు రోజులు అడిగి తీసుకోండి. గచ్చు సన్నగా పోసి పగుళ్లున్నదైతే వద్దు. అది దొరికితే మీకు మూడు దారులున్నాయి.

మొదటిది, మొత్తం మీరే చెయ్యడం. మజూరీ మిగులుతుంది, కాని లేపిన బండిని నిలబెట్టే స్టాండ్లు, పెద్ద జాకీలు, పొడుగు పానాలు కొనడమో అద్దెకి తేవడమో చెయ్యాలి, అవి లెక్క వేస్తే మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు. కన్నుల్లో పాత బుష్‌లు తియ్యడం, కొత్తవి ఎక్కించడం ప్రెస్ లేకుండా సుత్తితో చేస్తే కొత్త బుష్‌లు నలిగిపోతాయి. మీ అబ్బాయి ఐటీఐలో దీన్ని చూసి ఉండొచ్చు గాని తుప్పు పట్టిన పదిహేనేళ్ల నట్టు వాడికి ఇంకా పరిచయం లేదు.

రెండోది నాకు ఎక్కువ నచ్చేది. పాత కట్టలు మీరే దించి, కమాన్ షాపుకి పట్టుకెళ్లి, అక్కడ కొలత చూసి కొత్త కట్ట కట్టించి, బుష్‌లు ప్రెస్ మీద ఎక్కించి తెచ్చి, మళ్లీ మీరే బిగించడం. బండి షాపులో రోజుల తరబడి నిలబడదు. కట్ట విప్పి కట్టే అపాయం మీ ఇంటికి రాదు. ఈ చివరి మాట గట్టిగా పట్టుకోండి, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు ఇంట్లో విప్పనివ్వకండి. పట్టీలన్నీ ఒక్కోటి ఒక్కో వంపుతో ఉంటాయి, ఆ బోల్టు వాటిని అదిమి పట్టుకుని ఉంటుంది, రెండు పక్కలా గట్టి క్లాంపులు లేకుండా నట్టు తీశారంటే పట్టీలు విదిలించుకుని లేస్తాయి, మొహం దగ్గర ఉంటే ఇంకేం చెప్పను. మజూరీలో కొంత కట్టాల్సి వస్తుంది, కట్టలు మోసుకెళ్లడానికి ఇంకో బండి కావాలి, అయినా ఈ దారిలో అబ్బాయికి పనీ దక్కుతుంది, మీకు డబ్బూ కొంత మిగులుతుంది.

మూడోది మొత్తం షాపులోనే, 26 వేలు. గచ్చు దొరకకపోయినా, సరైన స్టాండ్లు దొరకకపోయినా, మీకు సాయం ఇంకో ఇద్దరు పెద్ద మనుషులు లేకపోయినా ఇదే. డబ్బులు లేవంటే అప్పటిదాకా బండి ఖాళీగా నిలబెట్టండి, కష్టమే, నాకు తెలుసు. రెండు మూడు షాపుల్లో సామాను రేటు, మజూరీ విడివిడిగా రాయించుకోండి, ఒక్క అంకె చెప్తే ఎక్కడ తగ్గించాలో తెలియదు. అబ్బాయిని కూడా ఆ రెండు రోజులు అక్కడే ఉండనివ్వమని అడగండి, పని నేర్చుకునే కుర్రాడిని చాలామంది మెకానిక్‌లు కాదనరు.

రెండో దారికే వెళ్తే కొన్ని సంగతులు ఉన్నాయి, ఇవి నేను చూసి నేర్చుకున్నవి. మొదలెట్టే ముందు, బండి ఖాళీగా మట్టమైన గచ్చు మీద ఉండగా, నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి పైన బాడీ అంచు దాకా టేపుతో కొలిచి తలుపు లోపల సుద్దముక్కతో, ఒక కాగితం మీద కూడా రాసుకోండి, ముందు బ్రాకెట్టు పిన్ను నుంచి యాక్సిల్ దాకా కూడా రెండు పక్కలా కొలవండి. ఈ రెండోది తేడా వచ్చిందంటే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగిందనుకోవాలి, అలాంటి బండి వెనక నుంచి చూస్తే పీతలా కొంచెం పక్కకి నడుస్తుంది. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల నట్లకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పట్టించి వదిలెయ్యండి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చెయ్యాలి, కొన్ని పాత బండ్లకి ఎడమ పక్క నట్లు ఉల్టా తిరుగుతాయి, మర చూసి తిప్పండి.

వెనక లేపాక హ్యాండ్ బ్రేకు మీద ఆశ పెట్టుకోవద్దు, అది పట్టేది వెనక్కాల చక్రాలనే, అవి గాల్లో ఉంటే బండిని ఏదీ ఆపదు. ముందు చక్రాలకి రెండు వైపులా పెద్ద చెక్కలు అడ్డం పడాలి. లేపిన వెంటనే చాసిస్ కింద స్టాండ్లు, బండి బరువుకి తగ్గవి. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు. ఇక్కడ మీకు ఒక ప్రత్యేకమైన అపాయం ఉంది తమ్ముడూ, మీ బండి చుట్టూ ఎప్పుడూ ఇటుకే ఉంటుంది, స్టాండు ఒకటి తక్కువైతే చెయ్యి దాని మీదకే పోతుంది. ఇటుక వంగదు, కుంగదు, ముందుగా చెప్పదు, ఒక్కసారిగా పిండైపోతుంది. కొబ్బరి దుంగ కూడా వద్దు, దొర్లుతుంది. యాక్సిల్‌ని వేరే జాకీ మీద ఉంచాలి, కట్ట వదులైన కొద్దీ దాన్ని కొంచెం దించుతూ, బ్రేకు పైపు, షాక్ అబ్జార్బర్ లాగుడు పడకుండా చూసుకుంటూ. స్టాండ్లు పెట్టాక లోపలికి ఎవరూ దూరకుండా బయట నుంచి బండిని భుజంతో గట్టిగా తోసి చూడండి, ఊగితే దించి మళ్లీ పెట్టండి.

యూ బోల్టు నట్లు రాకపోతే గ్యాస్ కటింగ్ తెప్పించకండి, డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు అక్కడే ఉంటాయి. రంపంతో కోసెయ్యండి, ఎలాగూ పాత యూ బోల్టులు మళ్లీ వాడకూడదు, ఒకసారి బిగించి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు పట్టదు. పిన్నులు సుత్తితో కొట్టేటప్పుడు మధ్యలో ఇత్తడి ముక్క పెట్టి కొట్టండి, ఉక్కు మీద ఉక్కు కొడితే చిన్న ముక్క లేచి కంట్లో పడుతుంది, కళ్లజోడు లేకుండా ఎవరూ కింద ఉండకూడదు.

కట్ట దించాక షాపులో విప్పించి, విరిగిన పట్టీని మీ అబ్బాయి చేతికి ఇచ్చి చూడమనండి. తెగిన మొహం మీద ఒక భాగం నల్లగా, నున్నగా, తుప్పుతో ఉంటుంది, మిగతాది తెల్లగా పంచదార పలుకుల్లా మెరుస్తుంది. నల్లగా ఉన్నంత మేర అది ఎప్పుడో చీలింది, మెరిసేది ఆఖర్న తెగింది. నలుపు ఎక్కువుంటే ఆ బండి ఎన్ని నెలలు చీలిన పట్టీ మీద తిరిగిందో అర్థమవుతుంది. ఎక్కడ తెగిందన్నది కూడా చూడాలి. సరిగ్గా సెంటర్ బోల్టు కన్నం దగ్గర తెగితే చాలా వరకు యూ బోల్టులు వదులై ఉంటాయి, అక్కడ పట్టీ బిగింపుగా ఉంటే వంగకూడదు, వదులైతే వంగుతుంది, కన్నం ఉన్న చోటే బలం తక్కువ కాబట్టి అక్కడే చీలుతుంది. యూ బోల్టుల అవతల తెగితే మాత్రం బరువు, అలసట. మీ బావమరిదికి నేను చెప్పినదానికంటే ఆ ముక్క బాగా చెప్తుంది, అతని చేతిలో పెట్టండి.

బిగించేటప్పుడు రెండు విషయాలు. కొన్ని కట్టలకి సెంటర్ బోల్టు నుంచి ముందు కొస ఒక కొలత, వెనక కొస ఇంకో కొలత ఉంటుంది, తిరగేసి పెడితే యాక్సిల్ జరుగుతుంది, పాత కట్ట దించేటప్పుడే ముందు వైపు సుద్దతో గుర్తు పెట్టుకోండి. సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీద దాని గుంటలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడందే యూ బోల్టు బిగించొద్దు. నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ పోవాలి, ఆఖర్న బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో, బండి మాన్యువల్‌లో ఉన్నంత. కన్నుల్లో రబ్బరు బుష్ ఉంటే వాటి బోల్టులు చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి తొందరగా చిరుగుతుంది. గ్రీజు పిన్నులైతే పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి.

మీ నాన్నగారి సంగతి. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టి ఉంటే ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, సుత్తి అస్సలు పట్టకూడదు, ఆ చేతి మీద దెబ్బ తగలకూడదు. ఇది మీరు చెప్తే వినరు, డయాలసిస్ దగ్గర సిస్టరు చేత చెప్పించండి. కాని ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి మీరు కళ్లానికి వెళ్లిపోకండి. డయాలసిస్ లేని రోజు చూసుకుని కుర్చీ వేసి గచ్చు మీద కూర్చోబెట్టండి, మీరు రాసుకున్న కొలతల కాగితం ఆయన చేతికివ్వండి, ఆయన సరే అనందే తర్వాత నట్టు విప్పకూడదని పిల్లాడికి చెప్పండి. అన్నేళ్లు కట్టలు దించిన మనిషికి శబ్దంలోనే తెలుస్తుంది ఏ నట్టు కూర్చుంది ఏది కూర్చోలేదని. ఒక్క చోట మాత్రం ఆయన మాట వినకండి, ఆ చెట్టు కిందే చేద్దాం అంటారు చూడండి, అక్కడ.

మీ ఆవిడ భయాన్ని ఆడవాళ్ల భయం అని తీసిపారెయ్యకండి, మీ ఇంట్లో ఆ అపాయం కళ్లారా చూసింది ఆవిడొక్కర్తే. మీరు ఎన్ని మాటలు చెప్పినా ఆవిడకి నమ్మకం రాదు, చూస్తే వస్తుంది. మొదలెట్టిన రోజు పొద్దున్న, బండి స్టాండ్ల మీద పెట్టాక, ఎవరూ కింద దూరకముందు ఆవిడని పిలవండి. చెక్కలు చూపించండి, స్టాండ్లు చూపించండి, భుజంతో తోసి చూడమనండి. ఆవిడ అన్నయ్య రాగలిగితే ఆయన్నీ పిలవండి, జాకీ ఎలా జారిందో ఆయన మీ అబ్బాయికి చెప్తే నేను పేజీలు రాసినదానికంటే బాగా వాడి బుర్రకెక్కుతుంది. అప్పటికీ ఆవిడ వద్దంటే ఆ రోజుకి బండి దించెయ్యండి, షాపులో చేయించండి. 26 వేలు ఎక్కడ తేవాలో నాకు తెలియదు గాని ఆవిడ రోజూ ఆ బండి వైపు చూసి భయపడుతూ బతకడం మాత్రం మీకు వద్దు.

అన్నీ అయ్యాక మొదటి వంద కిలోమీటర్లు తేలిక లోడుతో తిప్పి యూ బోల్టు నట్లు మళ్లీ బిగించండి, కొత్త కట్ట పట్టీలు సర్దుకుంటాయి కాబట్టి ఆ నట్లు తప్పకుండా కొంచెం వదులవుతాయి, వెయ్యి కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి. అప్పుడు తలుపు లోపల సుద్దతో రాసిన కొలతలు మళ్లీ తీసి పక్కన రాయించండి, ఆ పని మీ నాన్నగారిది. విరిగిన పట్టీ ఫోటో తీసి పంపండి, తెగిన మొహం వెలుతురులో కనపడేలా.